ఎల్లప్ప కడ్డీ

నిన్న తాండూరు రోడ్డు పక్కన ఎవరో పాత టైరు తగలబెట్టారు. కారు అద్దాలు ఎక్కించినా వాసన లోపలికొచ్చింది. నా అరచేయి దానంతటదే ముడుచుకుంది.

పెద్దేముల్ దగ్గర వంతెనకు చేరే రోడ్డును ఎత్తు చేస్తున్న రోజులవి. కింద నల్లరేగడి, ఎక్కువ బరువు మోయదు. అందుకని రెండు గోడల మధ్య మట్టికి బదులు పాత టైర్ల ముక్కలు నింపుతున్నాం. ఇంజనీరును నేను, ఒకరి చేత మాట పడే రకాన్ని కాను. మేస్త్రీ ఎల్లప్ప రోజూ పొద్దున్నే ఆ ముక్కల్లో దిగేసిన ఇనుప కడ్డీని పైకి లాగి, దాని కొసను అరచేత్తో పట్టుకుని చూసేవాడు.

"ఏం మేస్త్రీ, జ్వరం చూస్తున్నావా?" అన్నాను.

"తడిగడ్డి వామేస్తే లోపల ఉడుకుతది బిడ్డా. మా నాయిన గిట్లనే చూస్తుండె. గీ ముక్కలల్ల ఇనుప తీగెలున్నయి, వానకు నానుతున్నయి."

"గడ్డికీ టైరుకూ తేడా మాకు కాలేజీలో చెప్పారులే."

"చెప్పిండ్రు గద. వామి జూపిచ్చిండ్రా?"

కూలీలు పకపకా నవ్వారు. ఆ నవ్వు నాకు ముల్లులా దిగింది.

ముక్కల్లో వేడి పుట్టకుండా, పది అడుగులు నిండకముందే మధ్యలో మట్టి పొర వేయాలన్నది నియమం. ఆ వారం ముసురు. మట్టి లారీలు దిగబడిపోయాయి. కాంట్రాక్టరుకు తొందర. "కడ్డీ ఎచ్చగున్నది. మట్టి వచ్చేదాంక జర ఆపు," అన్నాడు ఎల్లప్ప. ఎండకు వేడెక్కిందన్నాను. "మూడు దినాలసంది మబ్బే గద, ఎండ ఏడిది?" అన్నాడు. జవాబు దొరకలేదు. దొరకలేదు కాబట్టే మట్టి లేకుండానే నింపమని సంతకం పెట్టాను.

ఐదో రోజు పొగ లేచింది. పైన పనిచేస్తున్న ఇద్దరు ఆడకూలీలను గట్టు మీదికి నెట్టింది ఎల్లప్పే. వెనక్కి తిరిగి అతను అడుగేసిన చోట లోపలంతా కాలి గుల్లయింది. నడుము దాకా దిగిపోయాడు.

వికారాబాద్ ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి, "తప్పు నాది మేస్త్రీ," అన్నాను. అంతకుముందు ఎవరితోనూ అనని మాట. అతను దాన్ని పట్టించుకోనే లేదు. "వంతెనకు అవతలి దిక్కు గూడ గవే ముక్కలున్నయి బిడ్డా. కడ్డీ చూసినవా?" అన్నాడు. చూడలేదు. అక్కడి నుంచే ఫోన్ చేసి పని ఆపించాను. మూడో రోజు పోయాడు.

విచారణలో నా సంతకం సంగతి నేనే రాసిచ్చాను. పరిగికి బదిలీ చేశారు. అంతే శిక్ష.

ఇప్పుడు ఆ కడ్డీ నా కారులో ఉంటుంది. ఎక్కడ నింపుడు పని జరిగినా దాన్ని దిగేస్తాను. కుర్ర ఇంజనీర్లు ముసిముసిగా నవ్వుతారు. బదులివ్వడానికి నాకు నోరు లేక కాదు, ఇవ్వను. కడ్డీ లాగి వాళ్ల చేతికిస్తాను. ఆఖరున నేనూ పట్టుకుంటాను. చల్లగా తగిలిన రోజు కూడా వెంటనే వదలలేను.