నల్లంచు గిటారు

కాలిన కొమ్ము వాసన ఒంటికి పట్టిందంటే ఏ సబ్బుకూ లొంగదు. రేపల్లెలో దువ్వెనల బాలస్వామి ఇల్లెక్కడని అడిగితే జనం వీధి పేరు చెప్పేవారు కాదు, ముక్కు ఎటు చెబితే అటు పొమ్మనేవారు. ఆయన గేదె కొమ్ముల్ని మరిగే నీళ్లలో నానేసి, నిప్పుల సెగ చూపించి, మెత్తబడగానే చెక్కల మధ్య బిగించి పలకలు చేసేవాడు. ఆ పలకల్ని కోసి, పళ్లు తీసి, నూనె గుడ్డతో రుద్దితే నల్లగా నిగనిగలాడే దువ్వెన తయారయ్యేది. చెరుకుపల్లి సంతలో వాటికోసం ఆడవాళ్లు ఎగబడేవారు. అదంతా ప్లాస్టిక్ రాకముందు మాట.

ఆయన కొడుకు ఆదాము. బడిలో వాడి పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. వాడు గదిలోకి రాగానే "చచ్చిన గేదె వచ్చింది" అని ముక్కులు మూసుకునేవారు. పిల్లలకు ఆ మాట ఏ ఇళ్లలో నేర్పారో వేరే చెప్పక్కర్లేదు. మీసాలు మొలవగానే ఆదాము తెనాలి రైలెక్కి, హార్మోనియాలు, వీణలు బాగుచేసే ఇమామ్ సాహెబ్ దుకాణంలో పనికి కుదిరాడు. అక్కడ చెక్క వాసన, జిగురు వాసన, లక్క వాసన. పిల్లవాడికి ప్రాణం లేచొచ్చింది.

1987లో బాపట్లలో ఒక చర్చి పాటల బృందానికి గిటారు కావాలని, వాళ్లకు పాటలు నేర్పే టీచరమ్మ ప్రమీలారాణి అడిగింది. ఆదాము మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో చేస్తున్న మొదటి గిటారు అది. అది వాళ్లకు నచ్చితే చుట్టుపక్కల చర్చిలన్నీ తనను వెతుక్కుంటూ వస్తాయని, దుకాణం బోర్డు మీద తన పేరు కూడా ఎక్కుతుందని ఆశపడ్డాడు. అంతా అయింది, అంచు ఒక్కటే మిగిలింది. పైపలకా పక్కచెక్కా కలిసేచోట చుట్టూ సన్నటి పట్టీ పొదగాలి. లేకపోతే డెల్టా గాలిలో చెమ్మంతా అక్కడినుంచే లోపలికి దూరుతుంది, గోడకు తగిలితే చెక్క లేచిపోతుంది. రోజ్‌వుడ్ పట్టీ నడుము వంపు దగ్గరకు రాగానే పుటుక్కుమంది. మదరాసు నుంచి తెప్పించిన ప్లాస్టిక్ పట్టీ బాగానే వంగింది గానీ, బకెట్ పిడిలా తెల్లగా పళ్లికిలించింది.

"కొమ్ము వెయ్యరా, పాత వీణలకి అదేగా వేసేది," అన్నాడు ఇమామ్ సాహెబ్. "సెగ చూపిస్తే ఎటంటే అటు వంగుద్ది. మీ నాన్న చేతిలో పనేగా, సిగ్గెందుకు?"

సిగ్గెందుకో ఆదాముకు బాగా తెలుసు. అయినా గిటారు మీద ప్రేమ సిగ్గును మించిపోయింది. ఆదివారం రేపల్లె వెళ్లి తండ్రిని అడిగాడు.

బాలస్వామి ముందు నమ్మలేదు. "గిటారుకా? నా కొమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. అమ్ముడుపోని దువ్వెనలు గోడకు గుత్తులుగా వేలాడుతున్న ఆ ఇంట్లో చాలాకాలం తర్వాత పొయ్యి మీద కొమ్ముల కుండ ఎక్కింది. పగులున్నదీ, చారలున్నదీ పక్కన పారేసి, ఈనెపుల్లంత సన్నగా పట్టీలు కోశాడు. వాటిని పంపించడానికి మనసొప్పక, తడిగుడ్డలో చుట్టుకుని తానే తెనాలి వచ్చాడు.

"నడుం కాడ నెమ్మది, అబ్బాయ్. తొందరపడ్డావా, ఇరుగుద్ది. ఇంకాస్త సెగ పెట్టు," అంటూ కొడుకు చేతుల మీద చేతులు వేసి పట్టీని వంచాడు. కొమ్ము చెక్కను పట్టుకుని వంపు తిరిగింది. తండ్రీకొడుకులు కలిసి చేసిన పని వాళ్ల జీవితంలో అదొక్కటే. ఆ రోజు ఆదాముకు వాసన తెలియనే లేదు. తండ్రి ఇంత పనిమంతుడని ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదా అని మాత్రం అనుకున్నాడు.

"బాపట్లకి నేనూ వస్తాన్రా. ఓ మూల నిలబడి చూసి వచ్చేస్తా," అన్నాడు బాలస్వామి. కాదనలేక ఆదాము రెండు టిక్కెట్లు తీశాడు.

ఆరాధన ముగిశాక కొత్త గిటారు కోసం ప్రార్థన చేశారు. ప్రమీలారాణి తీగలు మీటి, "ఎంత బావుందండీ!" అని మురిసిపోయింది. బాలస్వామి ఉతికిన తెల్లచొక్కాలో తలుపు పక్కన నిలబడ్డాడు. ఆయన ఎవరో ఎవరూ అడగలేదు, ఆదాము చెప్పలేదు. అప్పుడు చర్చి కమిటీ పెద్ద సుందరయ్య వచ్చాడు. మండలాఫీసులో గుమాస్తా, మడత నలగని ప్యాంటు. గిటారు అంచు మీద బొటనవేలు రాసి, ఆ వేలు వాసన చూశాడు.

"ఏంటయ్యా ఇది? గేదె కొమ్ములా ఉందే! మా తాతలు ఆ గొడ్ల పని వదిలించుకోడానికే గదా ఈ గుడి మెట్లెక్కింది? మళ్లీ దాన్నే తెచ్చి బలిపీఠం పక్కన పెడతావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బడిగది మొత్తం ఆదాము ముందుకొచ్చి నిలబడింది.

"కొమ్ము కాదండి," అన్నాడు. "ప్లాస్టిక్కండి. మదరాసు నుంచి తెప్పించానండి."

సుందరయ్యకు నమ్మకం కుదరలేదు. తలుపు దగ్గరి ముసలాణ్ణి పిలిచాడు. "పెద్దాయనా, ఈ పనోడితో వచ్చింది నువ్వేగా? నువ్వు చెప్పు, ఏంటిది?"

బాలస్వామి దగ్గరకు వచ్చాడు. తన చేత్తో కోసి, తన చేత్తో వంచిన ఆ నల్లంచును తడిమి చూశాడు. కొడుకు ముఖం మాత్రం చూడలేదు.

"ప్లాస్టిక్కేనండి," అన్నాడు. "మదరాసు సరుకండి. కొమ్ము ఇంత నున్నగా రాదండి."

గిటారు చర్చిలో ఉండిపోయింది. స్టేషన్‌కు నడిచేటప్పుడు తండ్రి కోప్పడితే బాగుండునని ఆదాము ఎదురుచూశాడు. ఆయన కోప్పడలేదు.

తర్వాత ఆదాము కోరుకున్నవన్నీ జరిగాయి. ఆర్డర్లు వచ్చాయి, బోర్డు మీద పేరు ఎక్కింది. అందరూ బాపట్ల గిటారు లాంటి నల్లటి మదరాసు ప్లాస్టిక్కే కావాలన్నారు. ఆదాము నిజంగానే మదరాసు నుంచి నల్ల ప్లాస్టిక్ తెప్పించి వేశాడు. రేపల్లె ఎప్పుడో గానీ వెళ్లేవాడు కాదు. వెళ్లినా గుమ్మం దాటేవాడు కాదు. ఇంట్లో కొమ్ము వాసన రావడం లేదని గమనించి, ముసలాయన విశ్రాంతి తీసుకుంటున్నాడనుకున్నాడు. అలా అనుకుంటే సుఖంగా ఉండేది.

1991 వానాకాలంలో బాలస్వామి పోయాడు. పెట్టెలో పడుకోబెట్టే ముందు స్నానం చేయించి, తలకు నూనె రాశారు. తల దువ్వాల్సింది కొడుకే. ఆదాము దువ్వెన కోసం గోడవైపు చూశాడు. గుత్తులు లేవు, మేకులున్నాయి.

"అమ్మా, నాన్న దువ్వెనలేయి?"

తల్లి అన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీ బాపట్ల గిటారు చూసొచ్చిన రోజే అన్నీ పొయ్యిలో పెట్టాడు. వీధి వీధంతా ఒకటే కంపు. ఏంటయ్యా ఈ పనంటే, మదరాసు సరుకే మంచిదంట, మనబ్బాయే చెప్పాడన్నాడు. రైల్లో ఇది కొనుక్కొచ్చుకున్నాడు. పోయేదాకా దీంతోనే దువ్వుకున్నాడు."

ఆమె చేతిలో పళ్లు ఊడిన ఎర్ర ప్లాస్టిక్ దువ్వెన ఉంది. అవతల పాస్టరుగారు తొందరపెడుతున్నారు. ఆదాము దాన్ని అందుకుని తండ్రి తల దువ్వాడు.