ప్రమీల మేడం రాయించిన పాఠం

కామారెడ్డిలోని ఆ నర్సింగ్ కాలేజీలో ప్రమీల మేడం క్లాసంటే వెనక బెంచీవాళ్లు కూడా పెన్నులు తీసేవారు. వైద్యం ఊళ్లకీ తండాలకీ ఒకేలా ఎందుకు అందదు అన్న పాఠం ఆమె పన్నెండేళ్లుగా చెబుతూ వచ్చింది. నోట్సు నెమ్మదిగా చెప్పి రాయించేది. అది రాసుకున్నవాళ్లకి పరీక్షలో మార్కులకు లోటుండేది కాదు.

ఆమెది ఎల్లారెడ్డి అవతల ఒక లంబాడీ తండా. అమ్మానాన్నలు చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర వైపు పోతుంటే హాస్టల్లో ఉండి చదువుకుంది. స్టాఫ్ నర్సుగా ఉద్యోగం చేస్తూనే బీఎస్సీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ పూర్తి చేసింది. తండాలో ఆమె ఒక్కతే మేడం. కాలేజీలో ఆమె ఒక్కతే తండా మనిషి. క్లాసులో మాత్రం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు.

ముప్పై ఎనిమిదో ఏట పీహెచ్‌డీలో చేరింది. తండా ఆడవాళ్లు కాన్పయిన మర్నాడే, డాక్టరు పంపకముందే, దవాఖాన నుంచి ఎందుకు వెళ్లిపోతారన్నది ఆమె ఎంచుకున్న ప్రశ్న. జవాబు తనకు తెలుసనే అనుకుంది, తన నోట్సులోనే ఉంది కదా. ఆదివారాలు ఎల్లారెడ్డి బస్సెక్కి, తండాలు తిరిగి, బాలింతల మాటలు ఫోనులో రికార్డు చేసుకునేది. "ఇంటికాడ పనుంటది", "పెద్ద పిల్ల ఆగమైతది" అనేవారు. ఆమె అవి తెచ్చి పట్టికలో గడుల్లో నింపుకునేది.

అలా కలిసిన పంతొమ్మిదో మనిషి గోరి. సొంత తండా పిల్లే, వరసకు చెల్లెలు. కాన్పయి నెల దాటింది. ఎందుకొచ్చేశావని అడిగితే "ఊకెనే వచ్చిన అక్కా" అంది. ప్రమీల ఫోను పక్కన పెట్టేసింది. అప్పుడు చెప్పింది గోరి.

"చెద్దరు మొత్తం రగతమైంది. ఇంకోటి ఇయ్యుమన్న. మీ తండోళ్లకు సుబ్బరం ఎట్ల తెలుస్తది అన్నది నర్సమ్మ. పక్క మంచమామెకు ఇచ్చింది, నాకియ్యలే. బిడ్డకు పాలు పట్టుడు వస్తలేదంటే, ఎన్నిసార్లు చెప్పినా మీకెక్కది అని పోయింది. ఒక్కసారి సుత చెప్పలే."

"నా పేరు చెప్పకపోయినవా?"

"చెప్పిన. ప్రమీల మేడం మా అక్కయితది అన్న. నవ్వింది. మీకు అవగాహన ఉండదని గా మేడమే మాకు చెప్పింది అన్నది. ఇంగ నేనేమంట? తెల్లారి లేచి వచ్చేసిన."

ప్రమీల ఆ నర్సు పేరు అడిగింది. అడగకపోయినా బాగుండునని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది. సింధూజ. మూడేళ్ల కింద తన క్లాసులో ఫస్టొచ్చిన పిల్ల.

మర్నాడు మధ్యాహ్నం దవాఖానలో కాన్పుల వార్డుకు వెళ్లింది. ఇరవై ఆరు మంచాలకు సింధూజ ఒక్కతే. మేడంని చూసి సంబరంగా కుర్చీ జరిపింది. గోరి మాట ఎత్తగానే మొహం వాడిపోయింది.

"నేను తిట్టలే మేడం. మీరు రాయించిందే అన్న. ఒక్కదాన్ని ఎందరికని చెప్పాలె?" అంటూ ఫోనులో దాచుకున్న నోట్సు ఫోటో తీసి చూపించింది. గిరిజన మహిళల్లో అవగాహన లోపం, శుభ్రత పట్ల నిర్లక్ష్యం, చెప్పినా పాటించకపోవడం. కింద రెండు గీతలు. ముఖ్యమైన ప్రశ్న, గీత కొట్టుకోండి అని చెప్పింది కూడా తనే.

ఆ మాటలు ప్రమీల పుట్టించినవి కావు. తనకు ఎవరో చెప్పారు. హాస్టల్లో ఉండి నర్సింగ్ చదివేటప్పుడు, క్లాసులో ఆ వాక్యం రాసుకుంటుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పక్క పిల్ల చూస్తుందేమోనని గబగబా రాసేసింది. తర్వాత పన్నెండు బ్యాచులకు తనే రాయించింది.

గోరికి ముందు కలిసిన ఆ పద్దెనిమిది మంది దగ్గరికీ మళ్లీ వెళ్లింది, ఈసారి ఫోను బయటికి తీయకుండా. పదకొండు మంది గోరి చెప్పినటువంటివే చెప్పారు. ప్రమీల ఒక అధ్యాయం రాసింది. అందులో తన పాఠాన్ని కూడా పెట్టింది.

ప్రిన్సిపాల్ మరియ మేడం అది మొత్తం చదివింది. "నువ్వు అబద్ధం రాసినవంటలే ప్రమీలా. గా దవాఖానోళ్లు పర్మిషన్ బంద్ చేస్తే మన పిల్లలు ప్రాక్టికల్స్‌కు యాడికి పోవాలె? రెండు వందల మంది. నువ్వే చెప్పు."

ప్రిన్సిపాల్ సంతకం లేకుండా థీసిస్ కదలదు. వేరే కాలేజీకి వెళ్దామంటే, చేరిన రోజు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. పీహెచ్‌డీ గైడు, "సిబ్బంది వైఖరి అని ఒక్క లైను పెట్టి ముందుకు పోండి" అన్నాడు.

గోరి అయినా రాయమంటుందని తండాకు వెళ్లింది.

"రాయకక్కా," అంది గోరి. "పేరు మార్చినా నేనేనని తెలుస్తది. మల్ల కాన్పుకు గాడికే పోవాలె గద. నీకు పట్టా వస్తది. నాకేమొస్తది?"

ప్రమీల గోరి మాటలు తీసేసింది. తన పాఠం గురించి రాసింది మాత్రం ఉంచింది. ఇది పరిశోధన కాదు, సొంత గోల అన్నాడు గైడు. రెండేళ్లుగా ఆ థీసిస్ సంతకం లేకుండా ప్రిన్సిపాల్ టేబుల్ సొరుగులోనే ఉంది.

క్లాసులో ఆ పాఠం మార్చి చెప్పింది. మనం వాళ్లతో ఎలా మాట్లాడామో ముందు చూసుకోవాలి అంది. పద్మప్రియ అనే అమ్మాయి పరీక్షలో అదే రాసి ఆ పేపరు తప్పింది. ఆమె తండ్రి కాలేజీకొచ్చి ఆఫీసు ముందు కేకలు వేశాడు. అప్పటి నుంచి ప్రమీల రెండూ చెబుతోంది, ఇది పరీక్షకు, ఇది వార్డుకు అని. మొదటిది పిల్లలు రాసుకుంటారు. రెండోది మొదలుపెట్టగానే పెన్నులకు మూతలు పెడతారు.

పోయిన ఏడాది వానల్లో గోరికి రెండో కాన్పు వచ్చింది. అదే వార్డు. ప్రమీల మూడు రోజులు సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చుంది. సింధూజ ఎవరూ అడగకుండానే చెద్దరు మార్చింది. బిడ్డను గోరి రొమ్ముకు ఎలా పట్టాలో తన చేతులతో చూపించింది. మేడం మొహం వైపు మాత్రం చూడలేదు. గోరి మూడు రోజులూ ఉంది.

మూడో రోజు పక్క మంచంలో, జుక్కల్ వైపు తండా నుంచి వచ్చిన బాలింత బట్టలు సర్దుకుంటోంది. ముందురోజే కాన్పయింది.

"ఇంకో రెండు దినాలుండు చెల్లె," అంది ప్రమీల.

"నువ్వు కూసున్నవని గామెకు అన్నీ అయినయ్. రేపు సుత వస్తవా?"

"రాను. రేపు క్లాసుంది."

ఆమె తలూపి మూట కట్టుకుంది. ప్రమీల ఆమె బిడ్డను ఎత్తుకుని గేటు దాకా నడిచింది. ఆటో వచ్చేలోపు, చినుకులు పడకుండా పిల్లకు కొంగు అడ్డం పెట్టి, పాలు ఎలా పట్టాలో రెండుసార్లు చెప్పింది.