ఇరవై నాలుగు ప్రయత్నాలు, రెండు చెవులు

మా పెద్దనాయన చనిపోయిన ఏడాదికి, ఆయన గొంతును యాభై మంది ముందు నేను పోగొట్టిన వైనం ఇది. పోగొట్టడం కూడా అడ్డదిడ్డంగా కాదు. కాగితం మీద గళ్లు గీసి, వరుస నంబర్లు వేసి, పద్ధతిగా పోగొట్టాను. నవ్వొస్తే ఆపుకోకండి. ఆ రోజు అక్కడున్నవాళ్లు ఆపుకోలేదు.

ముందు నా గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. లేకపోతే ఎంత ఎత్తు నుంచి పడ్డానో మీకు తెలియదు. హిందూపురంలో ఇళ్లు కట్టేవాళ్లకు ఎన్ని ఇటుకలు, ఎన్ని మూటల సిమెంటు పడతాయో చెప్పడం నా పని. పదో తరగతి తప్పింది లెక్కల్లోనే. ఆ కోపంతో తర్వాత నాకు నేనే కూర్చుని లెక్కలు నేర్చుకున్నాను. గోడ లేచాక నాలుగు ఇటుకలు మిగిలాయంటే ఆ పూట నాకు అన్నం సహించదు. ఇది జరిగేనాటికి నాకు నలభై నాలుగేళ్లు. లోకంలో లెక్కకు లొంగనిది ఏదీ లేదని నమ్మే వయసు.

పెద్దనాయనది పెనుకొండ. యాభై ఏళ్లు చెక్కభజన గురువు. చేతుల్లో చెక్కలు తాళం కొడుతూ, గుండ్రంగా అడుగులు వేస్తూ పాడే భజన అది. ఆయన శిష్యులంతా ధర్మవరం వాళ్లు. వాళ్ల పెద్ద ఓబులేసన్న. గురువు ఏడాదినాడు ఆయన కట్టిన పాట పాడి అడుగు వేశాకే ఎవరైనా విస్తరి ముందు కూర్చోవాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. గురువు మొదటి చరణం ఎత్తుకోందే శిష్యులు చెక్క కొట్టకూడదు. గురువు లేడు కాబట్టి గురువు గొంతు కావాలి.

ఆ గొంతు ఒకే ఒక్క పాత క్యాసెట్‌లో ఉండేది. దాన్ని నేనే నా ట్యాబులోకి ఎక్కించాను. ఎక్కించడం పూర్తయిన మరునిమిషం ఆ టేపు తెగి, నలిగి, సేమ్యాలా చేతికొచ్చింది. అంటే ఆయన పాట ఈ భూమ్మీద నా ట్యాబులో తప్ప ఇంకెక్కడా లేదు. ఇంత జాగ్రత్తపరుణ్ణి ఇంకోచోట ఎందుకు దాచలేదో దయచేసి అడగకండి.

పెద్దమ్మకు ఎనభై దాటాయి, వినికిడి తక్కువ. కూతురు లక్ష్మీదేవక్క ఆమె రెండు చెవులకూ మిషన్లు కొనిపెట్టింది. నెల కిందట వాటిని సరిచేసి పెట్టింది కూడా నేనే. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. ఆ రోజు నేను గుర్తుపెట్టుకోలేదు.

పొద్దున పదకొండుకు అంతా సిద్ధం. ఓబులేసన్న బృందం పంచెలు బిగించి, చెక్కలు పట్టుకుని గుండ్రంగా నిలబడింది. వాళ్లు తెచ్చిన రెండు స్పీకరు పెట్టెలు, యాంప్లిఫయరు, మైకు వాకిట్లో పెట్టారు. పెద్దమ్మను నా పక్కనే కుర్చీలో కూర్చోబెట్టారు. ట్యాబు చార్జింగు రంధ్రంలో జానెడు పిల్ల తీగ గుచ్చి, దానికి పెద్ద తీగ తగిలించి, పాట మీద వేలు పెట్టాను.

నిశ్శబ్దం. తెర మీద సెకన్లు మాత్రం పరుగెత్తుతున్నాయి. తీగలన్నీ పీకేసి ట్యాబునే చెవికి ఆనించుకున్నాను. అందులోనూ ఏమీ లేదు.

"ఏమప్పా నాగరాజూ, గురువు యాడుండాడు?" అన్నాడు ఓబులేసన్న.

"ఉండన్నా, లెక్క ప్రకారం పోవాల," అని జేబులోంచి కాగితం తీశాను. పెట్టెలు రెండు, పెద్ద తీగలు మూడు, యాంప్లిఫయరుకు రంధ్రాలు నాలుగు. రెండు మూళ్లు ఆరు, ఆరు నాలుగులు ఇరవై నాలుగు. ఇరవై నాలుగు రకాలుగా తగిలించి చూస్తే ఎక్కడో ఒకచోట పలికి తీరాలి. పిల్ల తీగ ఒక్కటే ఉంది కదా, ఒకటితో గుణిస్తే ఏం మారుతుందని దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఆ తీగ నా ట్యాబుకు పనికొచ్చే రకమే కాదని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఇరవై నాలుగు గళ్లు గీసి, మొదటి గడిలో సున్నా వేశాను.

ఆరో గడికి వచ్చేసరికి పిల్లలకు ఆకలి మొదలైంది. ఎనిమిదో గడి దగ్గర శబ్దం పూర్తిగా పెంచాను. పెద్దమ్మ ఉలిక్కిపడి నా మోచేయి పట్టుకుంది.

"కొంచెం తగ్గించప్పా."

వాకిలంతా గొల్లుమంది. లేని శబ్దాన్ని ఎలా తగ్గించాలో ఏ లెక్కలోనూ లేదు. చెవి మిషన్ కూత పెడుతోందేమో పట్టించుకోవద్దని లక్ష్మీదేవక్క సర్దిచెప్పింది. పెద్దమ్మ తృప్తికోసం ఒక గీత తగ్గించాను. ఆమె ముఖం తేటపడింది. పెద్దవాళ్ల మాట వినడంలో ఎంత మహిమ ఉందో అనుకున్నాను. ఇంతకన్నా మొద్దు ఆలోచన నా జీవితంలో ఇంకొకటి లేదు.

పదమూడో గడి దగ్గర ఆమె చుట్టూ ఉన్నవాళ్లను కోప్పడింది. "పాడేటప్పుడు ఆ మాటలేందప్పా?" అంది. పాపం, ముసలామెకు మతి చలించిందని ఎవరో గొణిగారు. వంటాయన వచ్చి సంగటి చల్లబడి రాయి అవుతోందని చెప్పిపోయాడు. ధర్మవరం రైలుకు వేళవుతోందని బృందంలో ఒకరు గుర్తుచేశారు.

ఇరవై నాలుగో గడిలోనూ సున్నా పడింది. నవ్వేవాళ్లు కూడా ఆగిపోయారు. ఓబులేసన్న మెల్లగా అడిగాడు.

"పాట చెరిగిపోయిందా నాగరాజూ? ఉండే మాట చెప్పు."

అయినవాళ్లందరి ముందు ఏడవడానికి సిద్ధపడి తల వంచాను. అలా వంచబట్టి కనబడింది, కుర్చీ చేతి మీద పెద్దమ్మ వేలు. తాళం వేస్తోంది. చేతికి ఏది దొరికినా లెక్కపెట్టడం నా జబ్బు కదా, అప్పుడూ లెక్కపెట్టాను. ఎనిమిదికి ఒకసారి ఆగి, రెండు వేసి, మళ్లీ ఎనిమిది. పెద్దనాయన పాట నడక అది. పాట ఆపాను. వేలు ఆగింది. మళ్లీ పెట్టాను. వేలు కదిలింది. ఒక్కసారికి నమ్మే మనిషిని కాను కాబట్టి మూడుసార్లు చూశాను.

"పెద్దమ్మా, నీకు పాట వినపడతాండాదా?"

"వినపడక? పొద్దున్నించి పాడతానే ఉండాడు. నువ్వే మాటిమాటికీ ఆపి మొదటికి తెస్తాండావు."

అప్పుడు గుర్తొచ్చింది. నెల కిందట, ఆమె నా ట్యాబులో హరికథలు వింటుందని, దాన్ని తీగ లేకుండా ఆ చెవి మిషన్లకు కలిపింది నేనే. శబ్దమంతా నా పక్కనున్న రెండు చెవుల్లోకే పోతోంది. ఇరవై నాలుగు గళ్ల కాగితంలో ఆ రెండు చెవులకూ చోటు లేదు.

ఆ కలయిక తెంపగానే ట్యాబు గొంతు విప్పింది, పెట్టెలు మాత్రం పలకలేదు. పిల్ల తీగ సంగతి నేను ఇంకా తేల్చుకుంటూ ఉంటే ఓబులేసన్న నా చేతిలోంచి ట్యాబు లాక్కుని, తమ భజన మైకును దాని నోటి దగ్గర పెట్టాడు. అర క్షణం పట్టింది. పెద్దనాయన ఎత్తుకున్నాడు. చెక్కలన్నీ ఒక్కసారి పలికాయి. ఆ అడుగులకు దుమ్ము లేచింది, నా కాగితం కూడా లేచి ఎటో పోయింది. ఎవరూ వెతకలేదు.

భోజనాలయ్యాయి, రైలుకు వెళ్లేవాళ్లు వెళ్లారు. పెద్దమ్మకు క్షమాపణ చెప్పుకుందామని కుర్చీ పక్కన కూలబడ్డాను. శబ్దం అంత పెంచినందుకు చెవులు నొప్పి పుట్టాయా అని అడిగాను.

"యాభై ఏండ్లు ఊరూరికీ పాడినాడు. ఈపొద్దు ఒక్క నాకే పాడినాడనుకుంటే, నువ్వు మళ్లా అందరికీ ఇచ్చేస్తివి," అంది. చెవి మిషన్లు సవరించుకుని, "ఆ తప్పు ఇంకోసారి చెయ్యప్పా," అంది.

చేశాను. మిషన్లకు కలిపి, పాట పెట్టి, ఏమీ వినబడని మనిషిలా ఆమె వేలు చూస్తూ కూర్చున్నాను.

కాబట్టి చదువరులారా, హిందూపురంలో నేను లెక్కగట్టిన ప్రతి ఇటుక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తగ్గించమని ఎవరైనా అంటే, శబ్దం ఎక్కడుందో ముందు వాళ్లనే అడుగుతాను. ఒకటే కదా అని దేన్నీ లెక్కలోంచి తీసేయను. పాటను చెవి మిషన్లకు కలిపే ఆ తప్పు యాభై మంది ముందు ఇక ఈ జన్మలో చేయను. పెనుకొండ వెళ్లినప్పుడు మాత్రం, పెద్దమ్మ ముందు, తలుపు దగ్గరగా వేసి చేస్తాను.