యూజర్ కాని మనిషి

2006 వేసవిలో బెంగళూరులో నన్ను మా కంపెనీలో రిలీజ్ మేనేజరుగా వేశారు. స్నేహితులు ఫోటోలు పెట్టుకుని, కబుర్లు రాసుకునే వెబ్‌సైటు మాది. కొత్త సౌకర్యం ఏది జనంలోకి వెళ్ళాలన్నా చివరి అనుమతి నాది. అంతకు ముందు టెస్టింగ్ లీడ్ 'సైన్ ఆఫ్' చెయ్యాలి, అంటే తప్పులు వెతికి, ఇక పంపవచ్చని సంతకం పెట్టాలి. ఆ లీడ్ సునీత, ఒంగోలు అమ్మాయి. ఆదివారం చర్చిలో పాటలు పాడే ఆ గొంతే సోమవారం మీటింగులో మా నోళ్ళు మూయించేది.

ఫోటో ఆల్బమ్ విడుదలకు సిద్ధమవుతుండగా, దొడ్డబళ్ళాపురం నుంచి వెంకటరమణప్ప అనే నేతపనివాడు మా ఆఫీసుకు వచ్చాడు. డిగ్రీ చదివే ఆయన కూతురి ఫోటో, ఇంటి ఫోన్ నంబరు పెట్టి ఎవరో మా సైటులో దొంగ పేజీ తయారుచేశారు. ఫోనెత్తితే వినకూడని మాటలు. పరువు పోతోందని ఇంట్లో పెద్దలు ఆ పిల్లను కాలేజీ మాన్పించారు.

రిసెప్షన్‌లో ఆయన్ని యూజర్ ఐడీ అడిగారు. ఎవరి పేరుతో దొంగ పేజీ ఉందో వాళ్ళే తమ ఖాతాలోంచి ఫిర్యాదు చెయ్యాలని మా నిబంధన. ఆయన తెల్లబోయి, "మా పాప దాంట్లో చేరలేదమ్మా. అయినా దాంట్లోనే ఉండాది," అన్నాడు. టీకని కిందికి దిగిన సునీత ఆ మాట విని అక్కడే నిలబడిపోయింది.

ఆయన్ని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, పైకొచ్చి దాన్ని బగ్‌గా, అంటే సైటులోని లోపంగా, నమోదు చేసింది. బగ్గుల తీవ్రతకు మాకు అంకెలుండేవి. ఒకటో అంకె అంటే సైటు మొత్తం కూలిపోయినట్టు, అది సరిచేసేదాకా విడుదల ఆగాల్సిందే. సునీత దీనికి ఒకటి వేసింది.

మీటింగులో డెవలప్‌మెంట్ మేనేజరు నవ్వాడు. సైటు డిజైన్ ప్రకారమే నడుస్తోందనీ, ఆ అమ్మాయి యూజరే కానప్పుడు ఇది బగ్ ఎలా అవుతుందనీ అడిగాడు. మంచివాడే, ఉపాయం కూడా చెప్పాడు: ఆమెనే ఒక ఖాతా తెరిచి ఫిర్యాదు చెయ్యమందాం.

"ఒక పేజీ తీయించుకోడానికి ఆ పిల్ల ఇంకో పేజీ పెట్టుకోవాలా సార్?" అంది సునీత. "యూజర్ కాకపోతే మానె, మనిషేగా! ఇది కట్టింది మనం. ఆల్బమ్ వస్తే ఇట్టాంటి ఫోటోలు పెట్టడం ఇంకా తేలిక. నేను సైన్ ఆఫ్ చెయ్యను."

ఆమె ప్రమోషన్ కాగితాలు పైవాళ్ళ బల్ల మీదున్న రోజులవి. ఆ సంగతి ఆమెకు సున్నితంగా గుర్తుచేశారు కూడా. రాకపోతే పోనివ్వండి అంది. నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. హోదా అడ్డొచ్చి ఊరుకున్నాను గానీ, లీడ్ సంతకం లేకుండా నా అనుమతి ఉండదని మాత్రం చెప్పాను. అది పైవాళ్ళు రాసిన నిబంధనే కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు.

విడుదల ఆగింది. నవ్విన మేనేజరే తన మనుషులను కూర్చోబెట్టి, లాగిన్ లేకుండా ఎవరైనా ఫిర్యాదు చేసుకునే పేజీ రాయించాడు. మొదటి ఫిర్యాదు వెంకటరమణప్పది. దొంగ పేజీ పోయింది. కాలేజీలు తెరిచాక ఆయన సునీతకు ఫోన్ చేశాడు: "పాప కాలేజీకి పోతా ఉండాది తల్లీ." ఆ ముక్క మాకు చెప్పి, ఆమె మళ్ళీ ఆల్బమ్‌లో తప్పులు వెతకడానికి కూర్చుంది.

ఆ ఏడు ఆమెకు ప్రమోషన్ రాలేదు. విడుదల ఆలస్యం కావడమే కారణమని రాశారు. అంత పచ్చిగా రాస్తారని నేననుకోలేదు.

రిటైరయ్యేదాకా నా బల్ల మీదికొచ్చిన ప్రతి డిజైన్ గురించీ నేను ముందుగా అడిగిన ప్రశ్న సునీత నేర్పిందే. దీన్ని ఎన్నడూ వాడని మనిషికి దీనివల్ల దెబ్బ తగిలితే, ఆ మనిషి ఎక్కడికొచ్చి చెప్పుకోవాలి? జవాబు లేనిచోట నేను సంతకం పెట్టలేదు.