కూడికలో చెప్పని సాక్ష్యం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ఐర్లండ్‌లో మేముండే టాలట్‌లో, సూపర్ మార్కెట్లో, పెరుగు డబ్బాల దగ్గర, అది నెత్తికెక్కింది. మా అమ్మాయిని ఐదు నెలలుగా వారం వారం చూస్తున్న సైన్యపు సైకాలజిస్టు ఎదురుగా వచ్చింది. హోదాకు కెప్టెన్. ఆవిడ గది గుమ్మం దాకా అమ్మాయిని ఎన్నిసార్లు దింపానో లెక్కలేదు. అటువంటిది, నన్నూ, పక్కనే ఉన్న అమ్మాయినీ చూసి కూడా ముక్కూ మొహం తెలియనట్టు పక్కనుంచి వెళ్ళిపోయింది.

“పలకరిస్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయటనా?” అన్నాను.

“అమ్మా, ఆవిడ ముందు హలో చెప్పదు. నేను చెప్తేనే చెప్తుంది. అది వాళ్ళ రూల్.”

“అదేం రూలే?”

“నా పక్కన ఎవరైనా ఉంటే, ఆవిడ నీకెలా తెలుసు అని అడుగుతారు కదా. చెప్పాలా వద్దా అన్నది నా ఇష్టం.”

“మరి నువ్వెందుకు చెప్పలేదు?”

అమ్మాయి ట్రాలీ తోసుకుంటూ బిల్లు దగ్గరికి వెళ్ళిపోయింది.

మా తెలుగు చర్చిలో పిల్లలందరూ నర్సింగో కంప్యూటర్సో చదువుతుంటే ఇది ఐరిష్ సైన్యంలో చేరతానంది. చేరింది. ఐక్యరాజ్య సమితి శాంతి సేనతో ఆరు నెలలు మధ్యప్రాచ్యానికి వెళ్ళింది. అక్కడ బాంబులు పడుతున్నప్పుడు కాంక్రీటు గదుల్లో తలదాచుకున్నారట. తిరిగొచ్చాక ఒళ్ళంతా తడిమి చూశాను. చిన్న గీత కూడా లేదు. దేవుడు చల్లగా చూశాడనుకున్నాను. వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం నేను పప్పు పెడితే కుక్కర్ విజిల్ వేసింది. అమ్మాయి భోజనాల బల్ల కిందికి దూరి, చెవులు మూసుకుని, బయటికి రానంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నేను నర్సునై ఉండి, ఏం చేయాలో తెలియక పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత మా ఇంట్లో పప్పు గిన్నెలోనే ఉడికింది.

కెప్టెనమ్మ దాన్ని బాగుచేసింది. ఏ మందుతో, ఏ మాటతో, నాకు ఇప్పటికీ తెలియదు. “ఏం చేస్తుందే ఆవిడ?” అంటే “వింటుందమ్మా” అనేది. ఒకసారి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పింది. ఆవిడ కూడా ఆ ఎడారి శిబిరాలకు వెళ్ళి, సైనికులతో పాటు అవే కాంక్రీటు గదుల్లో కూర్చుని వచ్చిందట. “అందుకే ఆవిడకి ఏదీ ఎక్స్‌ప్లెయిన్ చేయక్కర్లేదు” అంది. యాభై దాటిన మనిషి, ఇంటి పట్టున ఉండొచ్చు కదా. ఆవిడ మీద నాకు అంతులేని గౌరవం కలిగింది. ఏడో నెలలో ఒక ఆదివారం అమ్మాయి తనే కుక్కర్ తీసి స్టవ్ మీద పెట్టింది. మూడు విజిల్స్ వచ్చేదాకా పొయ్యి ముందు నుంచి కదల్లేదు.

ఇక నేను ఆగుతానా? మా చర్చివాళ్ళలో మేలు జరిగితే కృతజ్ఞత కూడిక, అంటే ప్రార్థన సభ, పెట్టి, పదిమందిని పిలిచి, జరిగింది జరిగినట్టు సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే మేలు మింగేసినట్టే. కెప్టెనమ్మను పిలిచి, శాలువా కప్పి, అందరి ముందూ చెప్పాలనుకున్నాను. మార్కెట్లో విన్న రూల్ మరిచి, అమ్మాయితో ఒక మాటైనా అనకుండా ఆవిడకు ఫోన్ చేశాను. ఆవిడ ఎంతో మర్యాదగా విని, “మీ ఆదరణకు సంతోషం. కానీ మీ అమ్మాయి నా దగ్గరికి వస్తోందో లేదో నేను చెప్పలేను” అంది.

“నేనే కదండీ దింపేది!” అన్నాను.

“అయినా చెప్పలేను” అంది.

విషయం తెలిసి అమ్మాయి నా మీద మొదటిసారి గొంతు పెంచింది. “మా ప్లాటూన్‌లో ఎవరికీ తెలీదమ్మా. మళ్ళీ శాంతి సేన మిషన్‌కి పేరిచ్చాను. నువ్వు కూడికలో చెప్తే సాయంత్రానికి దేశం ఆ చివరనున్న కార్క్ దాకా తెలుస్తుంది. భయపడిపోయిన పిల్ల అంటారు. నా పక్కన డ్యూటీ చేయడానికి ఆలోచిస్తారు.”

సిగ్గుతో చచ్చిపోయాను. వార్డులో ఉన్న పేషెంటు పేరు కట్టుకున్నవాడికి కూడా చెప్పని దాన్ని, కన్నకూతురి గుట్టు ఊరంతా చాటబోయాను. కూడిక మానేశాను.

ఆ తర్వాత రెండు నెలలకు బ్యారక్స్‌లో పతకాల కార్యక్రమం జరిగింది. కుటుంబాలను పిలిచారు. కెప్టెనమ్మకు విశిష్ట సేవా పతకం ఇస్తున్నారు. మిగతా వాళ్ళ గురించి పెద్ద పెద్ద కథలు చదివారు, ఎవరెవరిని ఎక్కడ కాపాడారో పేర్లతో సహా. ఆవిడ గురించి చదివింది రెండే వాక్యాలు. ఎన్నో ఏళ్ళు సేవ చేసింది, అందరి నమ్మకం పొందింది, అంతే. అంతకన్నా ఏం చదువుతారు? ఆవిడ చేసిన పనికి సాక్షులు నోరు విప్పరు, ఆవిడ విప్పకూడదు.

తర్వాత టీ, శాండ్‌విచ్‌లు. పతకాలు తీసుకున్న మిగతావాళ్ళ చుట్టూ జనం మూగారు. కెప్టెనమ్మ కిటికీ దగ్గర, కప్పు పట్టుకుని ఒక్కతే నిలబడింది. దగ్గరికి వెళ్ళి చేయి కలిపితే, ‘నేనూ ఆవిడ గదిలో కూర్చున్నవాడినే’ అని హాలంతటికీ చెప్పినట్టు. అందుకే ఎవరూ వెళ్ళడం లేదు. ఆవిడా ఎవరి వంకా చూడడం లేదు. కాళ్ళు అటే లాగుతున్నా కుర్చీలోనే కూర్చున్నాను. వెళ్ళే హక్కు నాది కాదు.

మా పక్కనే అమ్మాయి పై అధికారి, సార్జెంట్, నిలబడి టీ తాగుతున్నాడు. ఎత్తయిన మనిషి, నవ్వడం తెలియని మొహం. తనను మళ్ళీ మిషన్‌కి తీసుకోవాలా వద్దా అన్నది ఆయన మాట మీదే ఉందని ఆ ఉదయమే అమ్మాయి చెప్పింది. నాతో కాకుండా ఆయనతోనే అంది మా అమ్మాయి.

“నేను వెళ్ళి కెప్టెన్‌గారికి థాంక్స్ చెప్పాలి, సార్జెంట్. పోయినేడు నన్ను నిలబెట్టింది ఆవిడే.”

అమ్మాయి హాలు మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళింది. దాని ప్లాటూన్ మొత్తం చూస్తోంది.

సార్జెంట్ నా వైపు వంగాడు. “ఇది కాస్త పట్టుకుంటారా?” అని తన కప్పు నా చేతిలో పెట్టి, కోటు సరిచేసుకుని వెళ్ళి, కెప్టెనమ్మ ముందు మా అమ్మాయి వెనక, చేయి కలపడానికి వరసలో నిలబడ్డాడు.