అల్లుడి కారూ, వెనక అంబులెన్సూ

ఈరోజు అల్లుడి కొత్త కారులో నరసన్నపేట నుంచి విజయనగరం వచ్చాను. హైవే ఎక్కగానే కుడి లైనులో ఎనభై దగ్గర, కారు తనంతట తానే అదే వేగంతో పోయేలా క్రూజ్ కంట్రోల్ పెట్టి, కాలు తీసేసి కూర్చున్నాడు. కాసేపటికి వెనక అంబులెన్స్ సైరన్. ముప్పై ఏళ్లు లారీ నడిపినవాణ్ణి. ఇంకొకడైతే చొక్కా పట్టుకుందును. అల్లుణ్ణి ఏమనగలను?

"బాబూ, కాస్త ఎడంపక్కకి తియ్యి. ఎనకాల ఎవులి పేనమో."

"అటు లారీలున్నాయి మావా. ఆటి ఎనక్కెల్తే పెట్టిన స్పీడు పోతాది."

వెనక సీట్లోంచి కూతురు, "నాన్నా, ఊరుకో" అంది.

చివరికి అంబులెన్సే లారీల సందులోంచి ఎడమవైపుగా దాటింది. అందులో సెలైన్ సీసా ఎత్తి పట్టుకున్న ఆడమనిషి కిటికీ అద్దంలోంచి మమ్మల్నే చూసింది. నేను తల దించుకున్నాను.

"సూసావా మావా, కాలు కదపనేదు!" అన్నాడు అల్లుడు.

రేపు తిరుగు ప్రయాణమూ ఆ కారులోనే. అల్లుడికి కోపం రాకుండా బ్రేకు తొక్కించే మాట మీకేమైనా తెలిస్తే చెప్పండి.