పాతర మూత

మా కిటికీ కింద కొత్త టవరుకు పునాది తవ్వుతున్నారు. నానక్‌రామ్‌గూడలో ఇది రోజూ ఉండేదే. దుమ్ముకూ చప్పుడుకూ ఎప్పుడో అలవాటు పడ్డాను. కానీ నిన్న పొద్దున కిటికీ తీయగానే లోతు మట్టి వాసన గుప్పున కొట్టింది. తడిగా, కాస్త పులుపుగా, గొంతు పట్టేసే వాసన. చాయ్ కప్పు పక్కన పెట్టి కిటికీ మూసేశాను. ఎనభై దాటిన దాన్ని, ఇంకా వాసనలకు భయపడటమేమిటని నవ్వుకోబోయాను. నవ్వు రాలేదు. అది మా పాతర వాసన. దానితోపాటే మా రాజమ్మత్త గుర్తొచ్చింది.

అత్త మా నాయనకు అక్క. భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. మాట కారం, చెయ్యి మెత్తన. నిజాం పాలన చివరి రోజులవి. తుపాకులు పట్టిన మనుషులు ఊళ్ల మీద పడి ధాన్యం ఎత్తుకుపోతున్నారని రోజూ ఏదో ఒక కబురు వచ్చేది. అందుకని ఊరంతా కలిసి తమ జొన్నలన్నీ మా పెరట్లోని పాతరలో పోశారు. పాతరంటే నేలలో బావిలా తవ్విన గొయ్యి, పైన బండ మూత. మా ఇంటికి రాతి ప్రహరీ ఉంది కాబట్టి అక్కడ పోశారు గానీ, మా నాయన వాళ్లకంటే గొప్పవాడేమీ కాదు. మొదట్లో బండ తీసినప్పుడు అందరూ వచ్చేవాళ్లు. ఎవరికి కావలసినవి వాళ్లే దిగి తీసుకునేవాళ్లు.

అంతమంది గుమిగూడితే ఎవరి కంటైనా పడతామని, నాయన ఒక్కడే మూత తీయించాలని వాళ్లే అన్నారు. "నువ్వే చూసుకో అన్నా, గప్పుడు మాకు ఫికర్ ఉండదు" అన్నవాడు పక్కింటి మల్లయ్య. బండ జరపడానికి ఇద్దరు కుదిరారు, కాపలాకు ఇంకొకడు. వాళ్లకు వాటా ముందు. మిగతావాళ్లలో ఎవరికి ఎప్పుడివ్వాలో నాయన చెప్పేవాడు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. భయం ఒక్కటే అంతా చేసింది. వానలు పడేసరికి మల్లయ్య అరుగు మీద నాయన పక్కన కూర్చోవడం మానేసి నేల మీద కూర్చోసాగాడు. 'అన్నా' పోయి, ఊరి పెద్దను పిలిచే 'పటేలా' వచ్చింది. నాకు మహా గొప్పగా ఉండేది. అత్త మాత్రం ఆ పిలుపు వింటే లేచి లోపలికి పోయేది.

"నీకు సంతోషం లేదా అత్తా?" అని అడిగాను ఒకసారి.

"భయమైతుంది బిడ్డా."

"తుపాకులోళ్లంటెనా?"

"వాళ్లు ఇయ్యాల వస్తరు, రేపు పోతరు. నా తమ్ముడు యాడికి పోతడు?"

నాకు అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం అర్థమైంది. తెల్లాపూర్ దిక్కు నుంచి వాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. కొన్ని జొన్నలైనా గుట్టల్లోకి చేర్చాలని నాయన బండ జరిపించి, "దిగు మల్లయ్యా, జల్ది" అన్నాడు. పాతర తెరవగానే దిగకూడదు. లోపల పట్టిన విషగాలి పోనిచ్చి, దీపం దించి, అది ఆరకుండా ఉంటేనే దిగాలి. తొందరపడితే లోపలే ప్రాణం పోతుందని మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. మల్లయ్యకూ తెలుసు. మునుపైతే "పిచ్చిలేసిందా అన్నా" అని తిట్టి ఉండేవాడు. ఇప్పుడు నోరెత్తకుండా నడుముకు తాడు చుట్టుకుంటున్నాడు. అతని చేతులు వణుకుతున్నాయి. ముడి పడటం లేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

అత్త గబగబా వచ్చి తాడు లాగేసి నాయన కాళ్ల ముందు పడేసింది.

"ముందుగాల నువ్వు దిగు తమ్మీ."

"గాలి పోలేదక్కా, జర ఆగాలె" అన్నాడు నాయన, ఆలోచించకుండానే.

అన్నాక ఆ మాట ఆయనకే వినపడినట్టుంది. తల దించుకున్నాడు.

"నువ్వయితె ఆగాలె. మల్లయ్య అయితె ఆగొద్దా?"

అత్త దీపం వెలిగించి తాడుతో లోపలికి వదిలింది. సగం దూరం పోకముందే ఆరిపోయింది.

తుపాకులవాళ్లు ఆ రోజు మా ఊరికి రాలేదు, వేరే దారిన పోయారు. నాయన చాలాసేపు బండ మీదే కూర్చున్నాడు. అత్త ఆయన పక్కన కూర్చుని మెల్లగా అంది: "ఇగ నుంచి మూత తీయించినోడే ముందుగాల దిగాలె. నీతోని కాదంటె నన్ను అండ్ల ఏసి బండ మూసెయ్యి."

ఆ తర్వాత ప్రతిసారీ నాయనే ముందు దిగాడు. ఏడాది తిరగకముందే పాలన మారింది, తుపాకులు పోయాయి. ఎవరి జొన్నలు వాళ్లు తీసుకుపోయారు. పాతర ఖాళీ అయింది. 'పటేలా' అన్న పిలుపు మాత్రం పోలేదు. అత్త ఎంత బతిమాలినా మల్లయ్య మళ్లీ మా అరుగు ఎక్కలేదు.

పెద్దయ్యాక నేను ఒక బడికి పెద్ద పంతులమ్మనయ్యాను. నేను గదిలోకి వస్తే అందరూ లేచి నిలబడేవాళ్లు. బాగానే ఉండేది. ఆ బాగుండటమే నన్ను భయపెట్టేది, నాలోనూ నాయన రక్తమే ఉంది కదా. ఇప్పటికీ నేను చెప్పిన పనికి ఎవరైనా ఎదురాడకుండా సరేనంటే, ముఖం చూడను. ముందు వాళ్ల చేతులు చూస్తాను, వణుకుతున్నాయేమోనని.